మండీ నాలుక

పొద్దున్నే పంకజాక్షి చేసే మొదటి పని మామగారి మూత్రం కాచడం. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన ఒక చెక్కపెట్టె బోర్లించి, దాని మీద స్పిరిట్ దీపం వెలిగించుకునేది. గాజుగొట్టంలో నీలం మందు కొంచెం పోసి, మామగారు సీసాలో పట్టి ఉంచిన దాంట్లోంచి కొన్ని చుక్కలు వేసి, పట్టుకారుతో పట్టుకుని మంట మీద అటూ ఇటూ తిప్పేది. మందు నీలంగానే ఉండిపోతే చక్కెర లేనట్టు. పచ్చబడితే కొంచెం ఉన్నట్టు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే ఒంట్లో చక్కెర పొంగిపోతున్నట్టు.

కిందటేడు మామగారు పరంధామయ్యకు చక్కెర జబ్బని వేలూరులో తేల్చినప్పుడు, ఈ పరీక్ష ఇంట్లో ఎట్లా చేసుకోవాలో డాక్టరు ఆయన కొడుకు దేవరాజులుకు చూపించి పంపించాడు. దేవరాజులు చిత్తూరుకు వచ్చి, ఆ సామాను పెట్టెను అట్లాగే భార్య చేతిలో పెట్టాడు. "నువ్వు ఎస్సెల్సీ దాకా సదివినావు గదా, నువ్వే సూసుకో" అన్నాడు. పుత్తూరు బడిలో ఆమె చదివినప్పుడు ప్రయోగాలు మగపిల్లలు చేసేవాళ్ళు. ఆడపిల్లలు వెనక నిలబడి, ముందువాళ్ళ భుజాల సందులోంచి రంగులు మారడం చూసేవాళ్ళు. గాజుగొట్టం తన చేత్తో పట్టుకోవడం ఆమెకు ఇదే మొదలు. పట్టుకున్నాక దాంట్లో పోయాల్సింది ఇది. మొదట్లో ముఖం పక్కకు తిప్పుకుని పోసేది. అత్త సుబ్బులమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "తానం చేసి వంటింట్లోకి రా" అని రోజూ చెప్పేది, చెప్పకపోతే కోడలు మరిచిపోతుందేమో అన్నట్టు. కొన్నాళ్ళకు పంకజాక్షికి అసహ్యం పోయింది. నీలం కాస్తా పచ్చదనంలోకి జారే ఆ క్షణం ఎప్పుడొస్తుందా అని కళ్ళు ఆర్పకుండా చూడటం మిగిలింది. నిన్న రాత్రి మామగారు తిన్న సంకటికి, ఈ పొద్దుటి రంగుకు లెక్క కుదురుతుందా? సాయంత్రం ఆయన బజారు దాకా నడిచి వచ్చిన రోజున ఏ రంగు వస్తుంది? ఆమె ఇట్లాంటివి ఆలోచిస్తూ ఉంటే దేవరాజులు పెరటి గుమ్మంలోంచి "ఏ రంగు?" అని కేకేసేవాడు. ఆమె చెప్పేది. అతను వెళ్ళిపోయేవాడు.

రెండో పని కొంచెం పొద్దెక్కాక వచ్చేది. వాళ్ళది బెల్లం మండీ. చుట్టుపక్కల పల్లెల రైతులు బండ్ల మీద బెల్లం తెచ్చి మండీలో దించితే, రకం చెప్పి, మద్రాసు నుంచి వచ్చే షావుకార్లకు అమ్మిపెట్టడం వ్యాపారం. రకం చెప్పడం దగ్గరే ఉంది కిటుకంతా. రంగు చూసి చెప్పేవాడు మోసపోతాడు. నోట్లో వేసుకుని చెప్పాలి. పరంధామయ్య నాలుకకు ఆ వీధిలో పెద్ద పేరు. ఆయన ఒక రకం అన్నాడంటే షావుకారు మారు మాట్లాడేవాడు కాదు. జబ్బు వచ్చాక ఆయన పైకి బెల్లం మానేసి, మండీకి పోవడం మానేసి, పంచలో పడకకుర్చీ వేసుకున్నాడు. కొడుకు దవడలో ఎప్పుడూ జరదా కిళ్ళీ ఉంటుంది. అతనికి బెల్లానికి, బెల్లం కట్టిన ఈతచాపకు తేడా తెలియదు. ఒకనాడు ఇంటికి తెచ్చిన బెల్లంతో పంకజాక్షి కాఫీ పెట్టి, "ఇది చౌడు నేల బెల్లం మాదిరి ఉండాది, లోపల ఉప్పుంది" అన్నది. దేవరాజులు నవ్వాడు. అదే బెల్లం మద్రాసు పోయి, ఉప్పని పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. ఆ మర్నాటి నుంచి మండీ కూలి మునెయ్య రోజూ మచ్చుముక్కలు కాగితాల్లో పొట్లాలు కట్టి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టి పోయేవాడు. పంకజాక్షి పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉండగా ఒక్కొక్కటి నోట్లో వేసుకుని, ఏ పొట్లం ఏ రకమో చెప్పి పంపేది.

"నీకేమి, కూర్చోని బెల్లం తింటా ఉండావు. ఇంత అదృష్టం ఎవురికుంటాది" అనేవాడు దేవరాజులు. దాన్ని అతను సరసం అనుకునేవాడు. బెల్లం వేడికి ఆమె నోరు పూసేది. పుండు మీద ఇంకో ముక్క పడేది. వెనక దవడ పన్ను ఒకటి పుచ్చి తీయించుకోవాల్సి వచ్చింది. మద్రాసు షావుకారు సుందరరాజు ఒకసారి ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, ఆమె అన్నం వడ్డిస్తూ ఉండగానే దేవరాజులు ఆయనతో "మా నాయన నాలుక నాకొచ్చిందండీ" అన్నాడు. ఆయన తల ఊపి, నెయ్యి కొంచెం వేయమ్మా అన్నాడు. ఆమె వేసింది.

కార్వేటినగరం కొండల దిక్కు నుంచి వరదమ్మ అనే ఆమె ఆకులు, వేర్లు గంపలో పెట్టుకుని బస్సులో వచ్చి వీధుల్లో అమ్మేది. ఒకనాడు సుబ్బులమ్మ ఆమెను పిలిచి చక్కెర జబ్బుకు ఏముందని అడిగింది. వరదమ్మ గంపలోంచి ఒక తీగ తీసింది. కోలగా ఉన్న ఆకులు జంటలు జంటలుగా ఉన్నాయి, వెనకవైపు చేత్తో తడిమితే తెలిసేంత నూగు.

"పొడపత్రి. నీడలో ఎండబెట్టి దంచి పొడి తాగేది" అని చెప్పింది.

"ఇది తాగితే చక్కెర పోతుందా?" అని అడిగింది పంకజాక్షి.

"ఒంట్లోది పోతాదో లేదో నేను సూడలేదు తల్లీ. తాగినోళ్ళు మేలు అంటారు. నోట్లోది మాత్రం పోతాది. ఒక ఆకు బాగా నమిలి, ఆనేక బెల్లం ఏసుకో, సూడు."

ఆకులు ఎండబెట్టడం, దంచడం, జల్లించడం ఎవరూ చెప్పకుండానే పంకజాక్షి పనైంది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయినాక ఆమె పచ్చి ఆకులు రెండు తీసి నమిలింది. కొంచెం చేదు, కొంచెం వగరు, అంతకంటే ఏమీ లేదు. తర్వాత బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. నోట్లో తడి మన్ను మెదిలినట్టయింది. ఉలిక్కిపడి ఉమ్మేసి, ఆ ముక్కను చేతిలో తిప్పి చూసింది. అదే బెల్లం. చక్కెర వేసుకుంటే ఇసుక పలుకులు. అరటిపండు ఉడకబెట్టిన దుంప. చింతపండు మాత్రం ఎప్పటి పులుపే, ఉప్పు ఎప్పటి ఉప్పే, మిరపకాయ ఎప్పటి మంటే. ఇన్ని రుచుల్లో ఒక్క తీపినే ఏరి పట్టుకుని ఇంటి బయటికి నెట్టినట్టుంది ఈ ఆకు. అది ఎట్లా సాధ్యం? తీపి బెల్లంలో ఉంటుందా, నాలుకలో ఉంటుందా? బెల్లంలోనే ఉంటే ఇప్పుడెక్కడికి పోయింది? నాలుకలో ఉండేదైతే, బెల్లం అనేది అసలేమిటి? వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి ఒక్కొక్కటి నోట్లో వేసుకుంటూ ఆమె ఒక్కతే నవ్వుకుంది. సంసారానికి వచ్చిన ఇన్నేళ్ళలో, ఎవరి ఆకలి కోసమూ కాకుండా ఆమె డబ్బాలు తెరిచింది ఆ రోజే.

పరంధామయ్య పొడి తాగడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఒంట్లో తేలికగా ఉందని, ఆకు ఉండగా ఇంగ్లీషు మాత్రలెందుకని వాటిని మానేశాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. గాజుగొట్టం చెప్పింది. పచ్చగా ఉండే రంగు పసుపుకు, పసుపు నారింజకు మళ్ళింది. నారింజ చూసిన రోజు పంకజాక్షి గొట్టాన్ని కడిగెయ్యకుండా అట్లాగే పట్టుకుని పంచలోకి వెళ్ళి మామగారి ముందు పెట్టింది.

"మామా, మాత్ర మానినారా?"

ఆయన గొట్టాన్ని చూశాడు, కోడలి చేతిని చూశాడు. "ఇది నువ్వు కాస్తా ఉండావా? దేవరాజులు గదా కాసేది. రోజూ వాడే గదా వచ్చి 'పచ్చ నాయనా' అని చెప్పేది."

"రంగు ఆయన చెప్తారు. కాసేది నేను. ఆకు వద్దనలేదు నేను. మాత్ర మానద్దండి. ఆకు తాగుతా మాత్ర గూడా ఏసుకున్నప్పుడు ఏ రంగుండిందో నాకు గుర్తుండాది. ఈ రంగు కాదు."

ఆయన మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు. రంగు మెల్లగా పచ్చకు వచ్చింది. వేలూరు డాక్టరు కూడా, ఆకు తాగితే తాగండి గానీ మాత్రలు నేను చెప్పకుండా మానొద్దు, పరీక్ష మానొద్దు అన్నాడు. ఆ పచ్చదనంలో ఆకు భాగమెంత, మాత్ర భాగమెంత, ఆకు పొడి నోటికి తగిలి బెల్లం మీద యావ చచ్చి ఆయన దొంగతనంగా తినడం మానేసిన భాగమెంత అన్నది పంకజాక్షికి తేలలేదు. తేల్చాలంటే మూడింటినీ విడివిడిగా చూడాలి. ఉన్నది ఒక్క మామగారు. ఆ సంగతి తలుచుకుని ఆమె నవ్వుకుంది గానీ, తెలుసుకోవాలన్న దురద మాత్రం పోలేదు.

మాఘమాసం, పల్లెల్లో గానుగలు ఆడే కాలం. ఒక పొద్దున మచ్చులు రావడానికి ఇంకా వేళ ఉందనుకుని, తేనె తీపి కూడా పోతుందా అని చూడటానికి పంకజాక్షి ఆకు నమిలింది. అప్పుడే దేవరాజులు తనే పొట్లాలు పట్టుకుని లోపలికి వచ్చాడు. సుందరరాజు లారీ తెచ్చుకుని మండీలో కూర్చున్నాడట. "బిన్నా చెప్పు" అని తొందరపెడుతూ పొట్లాలు విప్పి ముందు పరిచాడు. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుంది. మన్ను.

"ఇప్పుడు చెప్పలేను. ఆకు నమిలినాను, తీపి తెలీదు. గంటసేపు ఆగండి."

"గంటసేపా? లారీ నిలబడి ఉండాదిమే. ఆ పిచ్చి ఆకు నిన్నెవురు నమలమన్నారు? ఇంట్లో కూర్చోని బెల్లం తినమంటే అది గూడా చేతకాదా నీకు?"

తప్పు చేసిన దానిలా నిలబడి ఉండటం పంకజాక్షికే వింతగా తోచింది. తన నోట్లో తను ఒక ఆకు వేసుకుంది. దానికి ఒక లారీ ఆగిపోయింది. అంటే ఇన్నాళ్ళూ ఆ లారీలు దేని మీద నడిచినట్టు?

మూలన కూర్చుని కందులు ఏరుతున్న సుబ్బులమ్మ చేట పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుంది. "ఇట్లా తీసుకురా" అంది కొడుకుతో. ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నమలలేదు. యాభై దాటకముందే ఆమెకు దవడ పళ్ళన్నీ పోయాయి. కరగనిచ్చి, నోరు పుక్కిలించి, ఇంకో ముక్క అందుకుంది.

"ఇది చౌడు నేలది. ఇది పాకం లేతలో దించినారు, వానల దాకా నిలవదు. దీంట్లో రంగు కోసరం సోడా దండిగా ఏసినారు. ఇదొకటే మంచి బెల్లం. దీన్ని విడిగా పెట్టు."

దేవరాజులు నోరు తెరుచుకుని చూశాడు. "నీకెట్లా తెలుసమ్మా?"

"మీ నాయనకు ఎట్లా తెలిసిందనుకున్నావు?"

పంచలో పరంధామయ్య విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. ఆయన లోపలికి రాలేదు. దేవరాజులు ఏది ఏదో గుర్తు పెట్టుకుని, పొట్లాలు అక్కడే వదిలేసి, సరే సరే అనుకుంటూ వెళ్ళిపోయాడు.

సుబ్బులమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. పంకజాక్షి ఆమె ఎదుట కూర్చుంది. అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు.

"ఎన్నేండ్లు, అత్తా?"

"ముప్పై ఏండ్లు ఉంటాది. దేవరాజులు పుట్టకముందు నుంచే. మీ మామ మచ్చులు పైపంచెలో మూట కట్టుకోని వచ్చేది, నేను చెప్పేది, ఆయన పోయి ఆడ చెప్పేది. నువ్వొచ్చినాక నీ నాలుక మంచిదని వాళ్ళకు తెలిసింది. నాకు పని తప్పింది."

"నాకు ఒక మాటన్నా చెప్పలేదే."

"చెప్తే ఏమొస్తాది? ఆయన పేరు పోతాది. నా పళ్ళు తిరిగొస్తాయా?" ఆమె కందుల్లోంచి ఒక రాయి ఏరి అవతల వేసింది. "కోపమొచ్చేది నాకు అప్పుడప్పుడు. నీ మీద. నీ నోరు పూసిందని నువ్వంటే, నాకు పూసినప్పుడు ఎవురు అడిగినారని అనుకునేదాన్ని. అది తప్పే."

పంకజాక్షి కింద మిగిలిపోయిన పొట్లాల్లోంచి ఒక ముక్క తీసింది. అత్త చౌడు బెల్లమన్నది ఇదే. నోట్లో ఇంకా తీపి లేదు. ఇందాక కంగారులో మన్ను అని వదిలేసింది. ఈసారి ఆగి చూసింది. మన్ను మాదిరి మెదిలే దాంట్లో ఉప్పు స్పష్టంగా, గోడ మీద మేకులాగా తగిలింది. సోడా వేసినదని చెప్పిన ముక్క వేసుకుంది. ఉప్పు లేదు, నాలుక చివర సన్నటి చేదు, సబ్బు వాసన. మామూలు రోజుల్లో వీటిని తీపి అడుగునుంచి తవ్వి తీయాల్సి వచ్చేది.

"అత్తా, తీపి లేకపోతే తక్కినవన్నీ బయటికి తెలుస్తా ఉండాయి. మీరు గూడా నమలండి, సూద్దాం."

సుబ్బులమ్మ కోడలిని అనుమానంగా చూసి, ఆకు అందుకుని చిగుళ్ళతో చాలాసేపు నూరింది. తర్వాత ముక్క వేసుకుంది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలాగా మారిపోయింది.

"ఉప్పే," అంది. "ఒట్టి ఉప్పు. ఇన్నేండ్లు దీన్ని నేను ఎంత ఎతుక్కుంటిని."

ఇద్దరూ పొట్లాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశారు. ఆ పూట కందిపప్పు పొయ్యి మీదికి ఆలస్యంగా ఎక్కింది.

"మండీ ఎట్లుంటాది, అత్తా?" అని అడిగింది పంకజాక్షి.

"ఏమో. నేనూ సూడలేదు. పెండ్లయిన కొత్తలో ఊరేగింపు ఆ వీధిలోనే పోయింది. అప్పుడు తల వంచుకోని ఉంటిని."

మండీ ఆ ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. పంకజాక్షి ఆ మధ్యాహ్నమంతా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ముప్పై ఏండ్లు ఒక మనిషి నాలుక ఒక వీధిని నడిపించింది. ఆ మనిషి ఆ వీధిని చూడలేదు. తను ఈ ఇంటికి వచ్చి పదేళ్ళు కావస్తోంది, మచ్చులు చూడటం మొదలుపెట్టి ఏడాది. తనకు ఏ రైతు బెల్లం ఏ వారానికి ఎట్లా మారుతుందో తెలుసు. ఆ రైతు ముఖం తెలియదు. ఈ బెల్లం ఇట్లా ఎందుకుందని అడగాలనిపించిన ప్రతిసారీ, అడగడానికి కిటికీలో మునెయ్య తప్ప ఎవరూ లేరు. అతనికి పొట్లం సంగతే తెలుసు. ఆమెకు కోపం కంటే ఎక్కువగా, తనకు రావాల్సిన జవాబులు ఎన్ని ఆ రెండు వీధుల అవతల పోగుపడి ఉన్నాయోనన్న ఆత్రం పుట్టింది.

మర్నాడు పొద్దున ఆమె దీపం ఆర్పుతూ ఉంటే పరంధామయ్య పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన అక్కడికి రావడం ఎప్పుడూ లేదు.

"మీ అత్త చెప్పింది నిజమే" అన్నాడు.

"తెలుసు మామా. పచ్చరంగే వచ్చింది" అని గొట్టం చూపించింది. ఆయన ఆ రంగును కాసేపు చూసి లోపలికి పోయాడు.

వేళకు మునెయ్య మచ్చులు తెచ్చాడు. పంకజాక్షి పొట్లాలు తీసుకోలేదు. "ఎత్తుకోని పో. ఇంటికి తేవద్దు, మేమే వస్తా ఉండామని చెప్పు." తర్వాత స్నానం చేసి, తల దువ్వుకుని, అత్త ముందు చెప్పులు తెచ్చి పెట్టింది. సుబ్బులమ్మ ఆ చెప్పులను చూస్తూ, "ఏమనుకుంటారో" అంది. ఆ మాట అంటూనే వాటిలో కాళ్ళు దూర్చింది.

మండీ వాసన వీధి మలుపులోనే ఎదురొచ్చింది. లోపల తాటాకు చాపల మీద బెల్లం దిమ్మలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. పొట్లాల్లో గోరంత ముక్కలుగా చూసిన దాన్ని అంతెత్తున చూసి పంకజాక్షి నిలబడిపోయింది. చుట్టూ కందిరీగలు. మగవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగాయి. దేవరాజులు గబగబా వచ్చి, గొంతు తగ్గించి, "ఇంటికి పదండి, ఈడేం పని మీకు?" అన్నాడు.

"నిన్న మొన్నటి పనే. ఇంటికొస్తే చెప్పను. ఈడైతే చెప్తాను."

అతను ఇంకో మాట అనే లోపల ఆమె దగ్గరున్న కుప్ప వైపు వెళ్ళింది. దాని పక్కన తలగుడ్డ చేతిలో పట్టుకుని ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. ఏర్పేడు దిక్కు నుంచి వచ్చిన కుప్పయ్య. ఆయన బెల్లాన్ని అప్పుడే రెండో రకం కింద వేశారు. ఆమె ఒక పెళ్ళ అడిగి తీసుకుని, అత్తకు సగం ఇచ్చి, సగం నోట్లో వేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె నోటివైపు చూస్తున్నారు. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత వాళ్ళెవరూ గుర్తు రాలేదు.

"ఇది మొదటి రకం" అంది. సుబ్బులమ్మ తల ఊపింది.

"రంగు సూడలేదా? నల్లగా లేదా? రెండో రకమని చెప్పేసినా నేను" అన్నాడు దేవరాజులు.

"మీరు రుచి చూసినారా?"

ఆమె అది ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగానే అడిగింది. అతని దవడలో కిళ్ళీ ఉంది. లారీ నిండక నిన్నటి నుంచి అక్కడే ఉండిపోయిన సుందరరాజు ముందుకు వంగి తనే ఒక ముక్క తుంచుకుని, చప్పరించి, సుబ్బులమ్మను, పంకజాక్షిని మార్చి మార్చి చూశాడు. "మొదటి రకం కింద తూకం వెయ్యి మునెయ్యా" అన్నాడు.

కుప్పయ్య తలగుడ్డ తలకు చుట్టుకున్నాడు. పంకజాక్షి నోట్లో ఆ రుచి ఇంకా ఉంది. దాంట్లో ఆమెకు ఎప్పుడూ తగలని వాసన ఒకటుంది. పొగ కాదు. పువ్వు లాంటిది, ఏదో ఆకు లాంటిది.

"పెదనాయనా, దీంట్లో ఏదో వాసనుండాది. పాకంలో ఏమన్నా ఏస్తారా? లేకపోతే చేనులోనేనా?"

ముసలాయన ఆమెను తేరిపార చూశాడు. "ఈ మండీకి తోలుకొస్తా ఉండేది మా నాయన కాలం నుంచమ్మా. ఈ మాట అడిగినోళ్ళు లేరు. అది పెద్ద కత."

సుబ్బులమ్మ అప్పటికే పక్క కుప్ప దగ్గరికి పోయి పెళ్ళ విరుస్తోంది. పంకజాక్షి ఒక గోనెపట్టా లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"మొదట్నుంచి చెప్పు" అంది.